టాటా 1210కి సొంతంగా సైలెన్సర్ సెట్టు కడుతున్నాను – పైపు సైజు, వంపులు, వేలాడదీసే పద్ధతి చెప్పండి

ఉయ్యూరు_1210
అందరికీ నమస్కారం. మా నాన్న ముప్పై ఏళ్ళు నడిపిన లారీ ఇప్పుడు నా చేతికొచ్చింది. టాటా 1210, 1976 రిజిస్ట్రేషన్, 692 ఇంజను. సీజన్‌లో నూజివీడు మామిడి నాగపూర్ తోలేవారు, మిగతా రోజుల్లో ధాన్యం. ఇంజను పని పోయినేడాది అయిపోయింది. పంపు, నాజిల్స్ చూపించాను. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఉంది. మిగిలింది సైలెన్సర్.

మానిఫోల్డ్ (సిలిండర్ల పొగనంతా ఒకచోటికి చేర్చే పోత ఇనుప గొట్టం) కింద పైపు గోటితో గీకితే పెచ్చులు రాలుతోంది. డబ్బా అడుగున అరచేయి పట్టేంత కన్నం. దానికి ఇదివరకే రెండుసార్లు రేకు అతికించారు. అతికించిన రేకు గట్టిగానే ఉంది, దాని చుట్టూ ఉన్న ఇనుమే పోయింది. వేరే మోడల్ సైలెన్సర్ తెచ్చి కోసి అతుకుతామని ఒక షాపులో అన్నారు. నాకు మనసొప్పలేదు.

నా దగ్గర 200 ఆంప్స్ ఆర్క్ మిషన్, నాలుగంగుళాల గ్రైండర్, డ్రిల్ ఉన్నాయి. వెల్డింగ్ గేట్లకీ ట్రాక్టర్ తొట్టికీ చేశాను, పైపు చుట్టూ ఎప్పుడూ చేయలేదు. పైపు ఎంత లావు తీసుకోవాలి? వంపులు ఎలా? మొత్తాన్ని చాసిస్‌కి ఎలా బిగించాలి?

ఆటోనగర్_వెల్డర్
తమ్ముడూ, పైపు కొనడానికి ముందు మానిఫోల్డ్ దగ్గరి ఫ్లాంజ్ (పైపు చివర బిగించే పలక) స్టడ్లు చూడు. నలభై ఏళ్ళ స్టడ్లు స్పానర్ పెట్టగానే విరుగుతాయి. ఇవాళే డీజిల్, గేర్ ఆయిల్ కలిపి పోసి వదిలెయ్. రేపు ఇంకోసారి. ఎల్లుండి ఇంజను స్టార్ట్ చేసి వేడెక్కాక ఆపి, అప్పుడు తిప్పు. తిరక్కపోతే బలం పెట్టకు, కొంచెం బిగించి కొంచెం వదులు.

పాత పైపు పారేయొద్దు. ఎంత తుప్పు పట్టినా అదే నీకు కొలత. నేల మీద పెట్టి దాని చుట్టూ సుద్దతో గీసుకో.

స్పీడ్_గుంటూరు
అన్నా, డబ్బా తీసేసి స్ట్రెయిట్ పైపు వేసెయ్. సౌండ్ అదిరిపోద్ది, పికప్ కూడా పెరుగుద్ది అంటున్నారు.

పాత_డ్రైవరు
బాబూ, నేను ఇరవై రెండేళ్ళు లారీ తోలాను. అందులో నాలుగేళ్ళు సైలెన్సర్ పగిలిన బండి మీద ఉన్నాను, ఓనరు బాగు చేయించలేదు. ఇవాళ నా కుడి చెవికి ఫోన్ పెట్టుకుంటే మాట తెలియదు. రాత్రి బండి ఆపి పడుకున్నాక కూడా చెవిలో ఇంజను మోగుతూనే ఉండేది. ఆ రోజుల్లో వెనకాల ఓవర్‌టేక్ చేసేవాడి హారన్ వినపడక రెండుసార్లు ప్రమాదం తప్పింది.

పికప్ సంగతి ఇక్కడ చదువుకున్నవాళ్ళు చెబుతారు. సౌండ్ సంగతి మాత్రం నా మాట నమ్ము. లారీ లోపల కూర్చునేవాడికే ఆ దెబ్బ ముందు తగిలేది.

థర్మల్_మేడమ్
నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చెబుతాను. పైపు సైజు లెక్క వేద్దాం, అప్పుడు పికప్ ప్రశ్నకి కూడా జవాబు దొరుకుతుంది.

692 అన్న పేరులోనే కొలత ఉంది. 6 సిలిండర్లు, 92 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం). స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 120 మి.మీ. మొత్తం 4,788 సీసీ. తర్వాత వచ్చిన 697కి 97 మి.మీ. బోరు. నాలుగు స్ట్రోకుల ఇంజను కాబట్టి రెండు చుట్లకి ఒకసారి ఆ గాలంతా పీల్చుకుంటుంది. 2,800 ఆర్‌పీఎం అనుకుంటే నిమిషానికి 6,700 లీటర్లు. సిలిండర్లు పూర్తిగా నిండవు కాబట్టి 85 శాతం తీసుకుందాం. అంటే సెకనుకి సుమారు 95 లీటర్లు లోపలికి వెళ్తోంది. అదే గాలి మండి 500 డిగ్రీలతో బయటికి వచ్చేటప్పటికి రెండున్నర రెట్లు ఉబ్బుతుంది. సెకనుకి 237 లీటర్ల దాకా పైపులో పోవాలి.

రెండంగుళాల పైపు వేస్తే (బయటి కొలత 60.3, మందం 3.6 మి.మీ.) ఆ పొగ సెకనుకి 107 మీటర్ల వేగంతో పరుగెత్తాలి. రెండున్నర అంగుళాల పైపు అని షాపులో అడిగితే ఇచ్చేది బయటికి 76.1 మి.మీ. ఉంటుంది. అందులో 2 మి.మీ. మందం తీసుకుంటే వేగం 58 మీటర్లకి దిగుతుంది. ఎదురు ఒత్తిడి (పొగ బయటికి పోకుండా ఇంజను వైపు వెనక్కి తోసేది) వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి తేడా మూడింతలకు పైనే. మీకు 76.1 చాలు. ఇంకా లావు వేస్తే బరువూ చోటూ తప్ప ఒరిగేది లేదు.

స్పీడ్_గుంటూరుకి: టర్బో లేని ఈ ఇంజనుకి శక్తి పంపు ఇచ్చే డీజిల్‌ని బట్టి ఉంటుంది. పైపు సరిపడా ఉంటే, సైలెన్సర్ మూసుకుపోకుండా ఉంటే, డబ్బా తీసేసినందువల్ల తెలిసేంత లాభం రాదు. శబ్దం మోతాదు మించితే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద జరిమానా 10,000 రూపాయల దాకా పడొచ్చు. ఆ డబ్బుతో ఇక్కడ చెబుతున్న సెట్టు చాలావరకు తయారవుతుంది.

ఉయ్యూరు_1210
మేడమ్, చాలా థాంక్స్. 1210లో 12 అంటే టన్నుల్లో బరువు, 10 అంటే వంద గుర్రాల శక్తి అని నాన్న చెప్పేవారు. 692 సంగతి ఆయనకీ ఇవాళే తెలిసింది, చదివి వినిపించాను.

స్టడ్లకి ఆయిల్ పోశాను. మా ఊళ్ళో బోరుబావుల పని చేసేవాళ్ళ దగ్గర రెండున్నర అంగుళాల జీఐ పైపు మిగిలింది, సగం ధరకి ఇస్తామన్నారు. తుప్పు కూడా పట్టదు కదా, తీసుకోనా?

గాజువాక_ఫ్యాబ్
తీసుకోకండి. దయచేసి తీసుకోకండి.

జీఐ పైపు మీద ఉండేది జింకు పూత. జింకు 907 డిగ్రీల దగ్గర మరుగుతుంది, వెల్డింగ్ ఆర్క్ వేడి దానికి ఎన్నో రెట్లు. తెల్లటి పొగ లేస్తుంది, చుట్టుపక్కల దూదిలాంటి నుసి ఎగురుతుంది. పని నేర్చుకునే రోజుల్లో ఒక షెడ్డుకి జీఐ పైపులు మూసిన గదిలో రోజంతా అతికాను. సాయంత్రం నోట్లో తియ్యగా, రాగి చెంబు నాకినట్టు ఉంది. రాత్రి పదకొండింటికి చలి మొదలైంది. మూడు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడాయి. మలేరియా అనుకుని మా అమ్మ తడిగుడ్డ వేసింది. తెల్లారేసరికి తగ్గింది కానీ ఊపిరి తీస్తుంటే రెండు రోజులు రొమ్ము పట్టేసింది. పాలు తాగితే విరుగుడు అని మా మేస్త్రీ అనేవాడు. పాలు దానికి ఏమీ చేయవు. పొగ పీల్చకుండా ఉండడమొక్కటే మార్గం.

పూత గ్రైండర్‌తో గీకేసి అతుకుతామని కొందరంటారు. బయట గీకగలరు, పైపు లోపల ఎలా గీకుతారు? పైగా సైలెన్సర్ వేడికి ఆ పూత మానిఫోల్డ్ దగ్గర నిలవదు, కాబట్టి తుప్పు పట్టదన్న లాభమూ పోతుంది. నల్ల ఈఆర్‌డబ్ల్యూ ట్యూబ్ (రేకు చుట్టి అంచులు అతికిన, పూత లేని ఇనుప గొట్టం) 76.1 × 2 మి.మీ. అడగండి. మీటరుకి 3.65 కిలోలు తూగుతుంది. నీళ్ళ పైపు మందంలో తీసుకుంటే 6.4 కిలోలు. నాలుగు మీటర్లకి పదకొండు కిలోల తేడా, అదంతా హ్యాంగర్ల మీదే పడుతుంది.

కొత్తపేట_రాజు
స్టెయిన్‌లెస్ స్టీలు వేస్తే ఒక్కసారితో పోతుంది కదా? సికింద్రాబాద్ రాణీగంజ్‌లో 304 పైపు ఎంత కావాలన్నా దొరుకుతుంది.

గాజువాక_ఫ్యాబ్
దొరుకుతుంది, ధర మూడు నాలుగు రెట్లు. ఆర్క్‌తో కూడా అతకొచ్చు కానీ 308ఎల్ రాడ్ కావాలి. స్టీలుని మామూలు ఇనుప ఫ్లాంజ్‌కి అతికేటప్పుడు 309ఎల్. చేయి తిరగనివాళ్ళకి పల్చటి స్టీలు మీద కన్నాలు పడతాయి. మొదటి సెట్టు ఇనుముతో చేయమనే నా సలహా. కొలతలన్నీ కుదిరాక ఐదారేళ్ళకి అదే నమూనాతో స్టీలులో చేసుకోవచ్చు.

ఆటోనగర్_వెల్డర్
వంపుల సంగతి. మా దగ్గర రెండు పద్ధతులు.

ఒకటి ఇసుక. ఏటి ఇసుక జల్లించి, పెనం మీద వేయించి, చల్లార్చి పైపులో నింపుతాం. పైపుని నిలబెట్టి పక్కల సుత్తితో తడుతూ నింపాలి, ఒక్క చెంచా ఖాళీ ఉన్నా అక్కడే నొక్కుకుంటుంది. రెండు మూతలకీ చెక్క బిరడాలు. వంచేచోట గ్యాస్ బర్నర్‌తో చెర్రీపండు రంగు వచ్చేదాకా కాల్చి, ఒక మనిషి నెమ్మదిగా లాగాలి. వంపు వ్యాసార్థం పైపు లావుకి నాలుగు రెట్లు రావాలి, అంతకంటే గట్టిగా వంచితే లోపలి పక్క ముడతలు. ఇసుక తడిగా ఉంటే లోపల ఆవిరి పుట్టి బిరడా తుపాకీ గుండులా ఎగురుతుంది. మా వీధిలో అలా ఒకతని భుజం విరిగింది. అందుకే వేయించడం దగ్గర ఎవరు తొందర పెట్టినా వినను.

రెండోది రెడీమేడ్ ఎల్బోలు. పైపు సామాన్ల షాపుల్లో వెల్డింగ్ ఎల్బో అని అడుగు, 65 ఎన్‌బీ (రెండున్నర అంగుళాల పైపుకి షాపు పేరు), లాంగ్ రేడియస్ (విశాలంగా వంగినది). బయటి కొలత నీ పైపుకి సరిపోతుందో లేదో కొలిచి చూసి తీసుకో. 90 డిగ్రీలది కొంటే చాలు, 45 కావాలంటే దాన్నే సగానికి కోసుకో. ఇంట్లో చేసేవాడికి ఇదే మేలు.

గాజువాక_ఫ్యాబ్
అన్న చెప్పింది సరే, ఒక్క మాట కలుపుతాను. ఆ ఎల్బోలు మందంగా ఉంటాయి, మీ ట్యూబ్ 2 మి.మీ. 6013 రాడ్ (మామూలు ఇనుముకి వాడే వెల్డింగ్ రాడ్), 2.5 మి.మీ.ది, 65–70 ఆంప్స్ దగ్గర పెట్టి ఆర్క్ ఎక్కువసేపు ఎల్బో వైపే ఉంచండి, పల్చటి పైపు వైపు అలా తాకించి వెనక్కి రండి. ముందు నాలుగు దిక్కులా నాలుగు చుక్కలే. పూర్తిగా అతికేయకండి. మొత్తం సెట్టుని బండి కింద చుక్కలతో నిలబెట్టి చూసుకున్నాకే కిందికి దించి చుట్టూ అతకండి. బండి మీద ఉండగా చుక్క వేసేటప్పుడు బ్యాటరీ రెండు వైర్లూ తీసేయండి, ఎర్త్ క్లాంపు మీరు అతికే పైపుకే పట్టించండి.

డాలస్_సీ10
ఆలస్యంగా వచ్చాను. నాది గుడివాడ, ఇప్పుడు టెక్సాస్‌లో ఉంటాను. నా బండి 1972 షెవర్లే సీ10 పికప్, 350 వీ8. బండి వేరు, దేశం వేరు, పెట్రోలు ఇంజను. కానీ నేను చేసిన తప్పు మీరు చేయకూడదని రాస్తున్నాను.

రెండేళ్ళ క్రితం గ్యారేజీలో నేనే రెండు వైపులా రెండున్నర అంగుళాల పైపులు వేశాను. వెల్డింగ్ బాగా వచ్చింది. ఎక్కడా కదలకూడదని ప్రతి మూడడుగులకీ ఒక బ్రాకెట్ పెట్టి ఫ్రేముకి నేరుగా బోల్టు కొట్టాను. చేత్తో ఊపితే రాయిలా ఉంది. చాలా సంతోషపడ్డాను.

ఆరు వారాలకి డ్రైవర్ వైపు మానిఫోల్డ్ దగ్గర పిట్ట కూసినట్టు శబ్దం. ఇంకో వారానికి స్టడ్ విరిగింది. అది మార్చాను, మళ్ళీ విరిగింది. మూడోసారి మానిఫోల్డ్ చెవి దగ్గర వెంట్రుకంత గీత కనపడింది. పోత ఇనుము, యాభై ఏళ్ళ సరుకు, పగిలిపోయింది.

జరిగిందేమిటంటే, ఇంజను రబ్బరు మౌంట్ల మీద కూర్చుని యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా పక్కకి ఒరుగుతుంది. ఫ్రేము గుంటల్లో మెలితిరుగుతుంది. పైపు వేడికి సాగుతుంది. ఈ మూడింటి మధ్యా నేను రాయిలాంటి కడ్డీ బిగించాను. ఎక్కడో ఒకచోట తెగాలి, అన్నిటికంటే పెళుసైనది తెగింది.

ఈ బళ్ళలో పెట్రోలు ట్యాంకు క్యాబిన్ లోపల, సీటు వెనకాలే ఉంటుంది. క్యాబిన్ నేలలో తుప్పు కన్నాలు నాకు తెలియకుండా ఉన్నాయి. మానిఫోల్డ్ లీకైన ఆ వారం రోజులూ సాయంత్రానికి తలనొప్పి. ఆఫీసు టెన్షన్ అనుకున్నాను. అది కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన ఉండదు. మీది డీజిల్ కాబట్టి అది తక్కువే, అయినా క్యాబిన్ కింద జాయింట్లు లేకుండా చూసుకోండి. క్లచ్, బ్రేకు పెడల్ కన్నాలకి రబ్బరు బూట్లు ఉన్నాయో లేదో కూడా చూడండి.

థర్మల్_మేడమ్
డాలస్ తమ్ముడు చెప్పినదానికి అంకెలు. మూడు మీటర్ల ఇనుప పైపు 250 డిగ్రీలు వేడెక్కితే 9 మి.మీ. సాగుతుంది. అదే 304 స్టీలైతే 13 మి.మీ. చాసిస్ మాత్రం చల్లగా ఉన్నచోటే ఉంటుంది. ఆ తొమ్మిది మిల్లీమీటర్లకి వెళ్ళే చోటు మీరు ముందే చూపించాలి.

ఆటోనగర్_వెల్డర్
చోటు చూపించడమంటే, ఇంజను దగ్గర ఫ్లాంజ్ తర్వాత ఒకటిన్నర అడుగు లోపే బెల్లోస్ (వంగే, సాగే ముడతల గొట్టం) ముక్క వెయ్యి. పైన స్టీలు వైరు అల్లిక ఉంటుంది చూడు, అది. ఎనిమిదంగుళాల పొడవుది చాలు. దాన్ని వంకరగా లాగి బిగించకు, మెలితిప్పి బిగించకు. తిన్నగా, విశ్రాంతిగా ఉండాలి. బెల్లోస్ అయిపోయిన వెంటనే మొదటి హ్యాంగర్, లేకపోతే పైపు బరువంతా దాని మీదే పడి అల్లిక తెగుతుంది.

హ్యాంగర్లు చాసిస్‌కే, తొట్టి చెక్కలకి కాదు, క్యాబిన్‌కి అసలే కాదు. మేము పాత లారీ టైరు పక్కగోడ కోసి, రెండంగుళాల వెడల్పు పట్టీలు చేసి, రెండు చివర్లా కన్నం పెట్టి వేలాడదీస్తాం. లోపల గుడ్డ పొరలు ఉంటాయి కాబట్టి తెగదు. వేడి తగలకుండా పైపుకీ పట్టీకీ మధ్య మూడంగుళాల ఇనుప పట్టా వదలాలి. సైలెన్సర్ డబ్బాకి రెండు, తోక పైపుకి ఒకటి. మొత్తం నాలుగు. పైపుని చేత్తో తోస్తే ఉయ్యాలలా అంగుళం కదలాలి, వదిలితే మళ్ళీ అదే చోటికి రావాలి.

ఉయ్యూరు_1210
అప్‌డేట్. మూడు స్టడ్లలో రెండు వచ్చాయి, ఒకటి మొదలు దగ్గరే విరిగింది. పాత గ్యాస్కెట్ బూడిద రంగులో పీచుపీచుగా ఉంది. కంప్రెసర్ గాలి కొట్టి శుభ్రం చేయనా?

థర్మల్_మేడమ్
గాలి కొట్టకండి! ఆ కాలం గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ పీచు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మళ్ళీ బయటికి రాదు, ఇరవై ముప్పై ఏళ్ళకి రోగమై బయటపడుతుంది. నీళ్ళలో రెండు చుక్కలు సబ్బు వేసి స్ప్రే చేసి, పూర్తిగా తడిపి, చెక్క ముక్కతో మెల్లగా గీకండి. గ్రైండర్, వైర్ బ్రష్ వద్దు. తడిగా ఉండగానే ప్లాస్టిక్ కవర్లో మూటకట్టండి. ఆ గుడ్డలు కూడా అందులోనే. పిల్లల్ని షెడ్డులోకి రానివ్వకండి.

ఆటోనగర్_వెల్డర్
విరిగిన స్టడ్‌కి: దాని మీద సరిపడే పెద్ద నట్టు పెట్టి, నట్టు కన్నంలోంచి రాడ్ దించి నిండా వెల్డ్ నింపు. ఎర్రగా ఉండగా ముట్టుకోకు. నల్లబడ్డాక స్పానర్ వేసి ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెం ఊపు. ఆ వేడికే తుప్పు పట్టు వదులుతుంది. మొదటిసారి నట్టు ఊడితే కంగారుపడకు, ఇంకోటి పెట్టు. నేను ఐదోసారికి తీసినవి కూడా ఉన్నాయి.

తిరిగి బిగించేటప్పుడు ఇత్తడి నట్లు వాడు. ఇత్తడి ఇనుముకి పట్టుకోదు, పదేళ్ళ తర్వాత విప్పేవాడు నిన్ను తలుచుకుంటాడు.

ఉయ్యూరు_1210
రెండో నట్టుకే వచ్చింది అన్నా! నాన్న పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. స్టడ్ చేతిలో పెడితే "ఇది నాగపూర్ దారిలో నేను మార్పించిందిరా" అన్నారు.

ఇక డబ్బా. లోపల ఏం పెట్టాలి? గ్లాస్‌ఊల్ నింపమని కొందరు అంటున్నారు.

థర్మల్_మేడమ్
డీజిల్‌కి గ్లాస్‌ఊల్ వద్దు. మసి పట్టి కొన్నాళ్ళకి గట్టిపడుతుంది. ఊల్ సన్నటి శబ్దాన్ని పీలుస్తుంది, మీ ఇంజను శబ్దం బొంగురుది. ఆరు సిలిండర్లలో చుట్టుకి మూడు పేలుళ్ళు. 1,500 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 75. అంత బొంగురు శబ్దాన్ని ఆపాలంటే గదులు కావాలి. పొగ ఒక్కసారిగా పెద్ద గదిలోకి వచ్చి విచ్చుకుని, మళ్ళీ గొట్టంలోకి దూరాలి. ఆ మార్పు దగ్గర అల కొంత వెనక్కి తిరిగి తనను తానే కొట్టేసుకుంటుంది.

220 మి.మీ. వ్యాసం, 900 మి.మీ. పొడవు డబ్బా చేయించండి. 34 లీటర్లు పడుతుంది, ఇంజను సీసీకి ఏడు రెట్లు. మధ్యలో అడ్డు పలక వేసి రెండు గదులు. పలకలోంచి 50 ఎన్‌బీ (రెండంగుళాల) గొట్టాలు రెండు, ఒక్కొక్కటి 300 మి.మీ. రెండు గొట్టాల దారి కలిపితే 44 చదరపు సెంటీమీటర్లు, మీ పైపు దారి 41. లోపల ఎక్కడా దారి మెయిన్ పైపు కంటే తగ్గకూడదు. ఈ ఒక్కటి తప్పితే బండి ఊపిరాడక నల్లపొగ కక్కుతుంది.

లోపలికి వచ్చే పైపు చివర మూసేసి, పక్కలకి కన్నాలు పెడితే మొదటి దెబ్బ మెత్తబడుతుంది. ఆ కన్నాల మొత్తం కూడా 41 దాటాలి.

ఉయ్యూరు_1210
కన్నాలకి మాకు సులువైన దారి ఉంది మేడమ్. పక్కనే రైసు మిల్లు. పాత జల్లెడ రేకులు మూలన పడున్నాయి. ఒకటి తెచ్చి పైపు లావుకి చుట్టి అతికేస్తాను. డబ్బాకి 2 మి.మీ. రేకు రోలింగ్ చేయించాను. ఒకాయన ఖాళీ గ్యాస్ సిలిండర్ కోసి చేయమన్నాడు.

గాజువాక_ఫ్యాబ్
సిలిండర్ జోలికి వెళ్ళలేదు, మంచి పని చేశారు. ఖాళీ అనుకున్న సిలిండర్‌లో మిగిలిన గ్యాసే కోసేవాడిని చంపుతుంది.

డబ్బా అన్నిటికంటే కిందికుండే చోట 3 మి.మీ. కన్నం ఒకటి పెట్టండి. నీళ్ళు కారడానికి.

కొత్తపేట_రాజు
సైలెన్సర్‌లో నీళ్ళెక్కడివి? వాన నీళ్ళా?

థర్మల్_మేడమ్
డీజిల్‌లోనివే. ఒక లీటరు డీజిల్ మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. బండి బాగా వేడెక్కితే ఆవిరిగానే పోతుంది. మిల్లు నుంచి గోడౌనుకి రెండు కిలోమీటర్లు తిరిగి ఆపేస్తే డబ్బాలో చల్లబడి నీరై నిలుస్తుంది, మసితో కలిసి లోపలి నుంచి తింటుంది. మీ పాత డబ్బా అడుగున కన్నం పడింది అందుకే. పైపు వేడి బయటికి తగలకుండా గుడ్డ పట్టీ చుట్టించే అలవాటు కూడా మంచిది కాదు, తడి పట్టి ఉంచుతుంది.

పాత_డ్రైవరు
తోక పైపు ఎటు పెడుతున్నావు బాబూ? వరిగడ్డి లోడు వేస్తారా?

ఉయ్యూరు_1210
వేస్తాం బాబాయ్, కోతల టైములో.

పాత_డ్రైవరు
అయితే జాగ్రత్తగా విను. గడ్డి లోడు చుట్టూ వేలాడుతుంది. ఆ గడ్డి పైపుకి తగిలినా, మసి రవ్వ ఎగిరి పడినా, కదిలే బండి మీద మంట డ్రైవరుకి కనపడదు. ఎదురొచ్చేవాడు లైటు కొట్టి చెప్పాలి. నేను ఒకటి కళ్ళారా చూశాను, మనుషులు దూకేశారు, బండి మిగల్లేదు. పైపు మీద తొట్టి చెక్కలకి రేకు డాలు వెయ్యి, మధ్యలో రెండంగుళాల సందు వదులు. తోక చివర జల్లెడ రేకుతో రవ్వలు ఆపే టోపీ చేసి ఉంచుకో, గడ్డి రోజుల్లో తగిలించు.

డాలస్_సీ10
రూలు కూడా గుర్తుపెట్టుకోండి. మన దేశంలో పొగ కిందికి గానీ బండి ఎడమ పక్కకి గానీ వదలకూడదు, ఎడమ పక్కే మనుషులు ఎక్కి దిగుతారు. డీజిల్ గొట్టానికీ సైలెన్సర్ పైపుకీ మధ్య 35 మి.మీ. తగ్గకూడదు. నేనైతే అరచేతి వెడల్పు వదులుతాను.

ఉయ్యూరు_1210
పది రోజుల తర్వాత వచ్చాను. మొత్తం బండి కింద ఉంది. నిన్న సాయంత్రం స్టార్ట్ చేశాను.

శబ్దం చాలా మెత్తగా ఉంది. కానీ నాన్న బానెట్ పక్కన నిలబడి తల వంచి, "ఎక్కడో టిస్ టిస్ అంటోంది" అన్నారు. నాకు, మెకానిక్‌కి ఇద్దరికీ వినపడలేదు. లీకు ఎలా పట్టుకోవాలి? సబ్బు నీళ్ళు పోస్తే వేడికి ఆవిరైపోతున్నాయి.

గాజువాక_ఫ్యాబ్
పూర్తిగా చల్లారనివ్వండి. తోక పైపులోకి బ్లోయర్ గాలి పెట్టి చుట్టూ గుడ్డ కుక్కండి. కంప్రెసర్ వద్దు, అంత ఒత్తిడి అక్కర్లేదు. అప్పుడు ప్రతి జాయింటు మీద సబ్బు నురగ రాయండి.

ఉయ్యూరు_1210
దొరికింది! రెండో ఎల్బో కింద పక్క, నాకు పడుకుని చేతికి అందని చోట, అతుకులో ఆవగింజంత రంధ్రం. బుడగలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నాన్నని పిలిచి చూపించాను. గ్రైండర్‌తో ఆ అంగుళం తవ్వి మళ్ళీ అతికాను. ఇప్పుడు ఆయనకీ వినపడటం లేదు.

ఇంకొకటి అడగాలి. ఎదురు ఒత్తిడి ఎక్కువైందో లేదో ఇంట్లో తెలుసుకోవచ్చా?

థర్మల్_మేడమ్
మేస్త్రీలు గోడ లెవల్ చూసే నీళ్ళ ట్యూబ్ తీసుకోండి. బెల్లోస్ తర్వాత పైపుకి చిన్న నట్టు అతికి, దానికి రెండడుగుల రాగి గొట్టం, దాని చివర ఆ ట్యూబ్. ట్యూబ్‌ని యూ ఆకారంలో పలకకి కట్టి సగం దాకా నీళ్ళు పోయండి, పక్కన టేపు అంటించండి. రెండు వైపులా నీటి మట్టాల తేడాయే మీ ఒత్తిడి. ఒక మీటరు తేడా అంటే 10 కిలోపాస్కల్స్ లోపు. ఇలాంటి డీజిల్ ఇంజన్లకి సాధారణంగా ఆ దరిదాపుల్లోనే హద్దు పెడతారు. నిలబెట్టి రేజ్ చేస్తే తక్కువ చూపిస్తుంది, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు చూడాలి. ఒకరు తోలాలి, ఒకరు చదవాలి.

ఉయ్యూరు_1210
ధాన్యం బస్తాలు వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కించాం. మా తమ్ముడు పలక పట్టుకున్నాడు. ఎక్కువలో ఎక్కువ 46 సెంటీమీటర్లు. విప్పేసి ఆ నట్టుకి బోల్టు బిగించాను.

పొల్యూషన్ సర్టిఫికెట్‌కి కూడా వెళ్ళాను. ఇలాంటి పాత డీజిల్ బళ్ళకి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్ల (పొగ నలుపుని కొలిచే లెక్క) హద్దు కదా, హాయిగా లోపలే వచ్చింది.

ఒక ఇబ్బంది మిగిలింది. మూడో గేరులో 1,600 దగ్గర క్యాబిన్‌లో గుంయ్‌మంటోంది. పైనా కిందా లేదు.

డాలస్_సీ10
నాకూ హైవే మీద 1,800 దగ్గర వచ్చేది. వీ8 కాబట్టి అది సెకనుకి 120. పైపుకి పక్కన మీటరు పొడవు మూసిన గొట్టం ఒకటి అతికాను, ఆ గొట్టంలోకి వెళ్ళి తిరిగొచ్చిన అల అసలు అలకి ఎదురు పడుతుంది. మీకు 1,600 దగ్గర సెకనుకి 80, గొట్టం 1.4 మీటర్లు కావాలి. చాసిస్ పక్కన పడుతుంది. కానీ అంత పని చేసేముందు హ్యాంగర్లు చూడండి. ఎక్కడైనా ఇనుముకి ఇనుము తగులుతోందేమో.

ఆటోనగర్_వెల్డర్
అవును, ముందు అదే చూడు. బండి వేడెక్కాక చూడాలి, చల్లగా ఉన్నప్పుడు కాదు. పైపు సాగాక ఎక్కడ తగులుతోందో చూడు.

ఉయ్యూరు_1210
అన్నా, మీరు చెప్పినట్టే అయింది. చల్లగా ఉన్నప్పుడు తోక పైపుకీ క్రాస్ మెంబరుకీ (చాసిస్ అడ్డ కమ్మీకి) మధ్య నా వేలు దూరింది. గంట తోలి వచ్చాక చూస్తే ఆనుకుని ఉంది, ఆనినచోట అల్యూమినియం పెయింటు రాసుకుపోయి మెరుస్తోంది. హ్యాంగర్ పట్టా కన్నం పొడవు చేసి అర అంగుళం కిందికి దించాను. గుంయ్‌మనడం పోయింది. పక్క గొట్టం అక్కర్లేకపోయింది.

600 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ అన్నీ బిగింపు చూశాను. ఫ్లాంజ్ నట్లు పావు చుట్టు తిరిగాయి. డబ్బా దగ్గర హ్యాంగర్‌కి నైలాన్ ఉన్న లాక్ నట్టు వేశాను, ఆ నైలాన్ కరిగి కారిపోయింది, నట్టు వేలితో తిరుగుతోంది. దాన్ని తీసేసి మామూలు నట్లు రెండు ఒకదాని మీద ఒకటి బిగించాను. కట్టేవాళ్ళు ఎవరైనా సైలెన్సర్ చుట్టుపక్కల ఆ నట్లు వాడకండి.

రేపు మామిడి లోడు. నాన్న కూడా క్యాబిన్‌లో వస్తానన్నారు.